గింజలో నేల, ఎసట్లో నీళ్లు

చిన్నప్పుడు నేను బలపాలు తినేదాన్ని. పొద్దున కొత్తది ఇస్తే సాయంత్రానికి సగం పలక మీద అరిగేది, సగం నా కడుపులోకి పోయేది. మార్కాపురం పలకలు ఊరూరికీ పోయిన రోజులవి. పలకకీ బలపానికీ మా వైపు కరువు లేదు. నా పక్కన కూర్చునే పిల్ల బడి గోడ సున్నం గీక్కుని తినేది. ఇంకో పిల్ల తొలకరి పడగానే తడిసిన మట్టిపెళ్ల వెతుక్కుని బుగ్గన పెట్టుకునేది. మా అవ్వ చూసిందంటే వీపు మీద ఒకటి వేసి, నోట్లో వేలు పెట్టి బలపం ముక్క లాగి పారేసేది. "సంగటి తినవే అంటే మన్ను తింటా ఉండావు" అనేది.

మాది కొనకనమిట్ల మండలం. ఇప్పుడు నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. తిండి కాని వస్తువు మీద మనసు పోవడానికి వైద్యంలో పైకా అని పేరుంది. దాని వెనక చాలాసార్లు ఒంట్లో ఇనుము తక్కువగా ఉండటం కనిపిస్తుంది. ఆ సంగతి బీఈడీలో ఉండగా చదివి, పుస్తకం మూసి, చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. బలపం రుచి నాలుక మీదికి వచ్చినట్టయింది. నాకు అప్పుడు ఎవరూ రక్తపరీక్ష చేయించలేదు కాబట్టి నాది అదేనని రుజువేమీ లేదు. అయినా ఒక ప్రశ్న మాత్రం పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. మా ఇంట్లో రోజూ వండింది సజ్జ సంగటి. మన ధాన్యాల్లో ఇనుము దండిగా ఉండేవాటిలో సజ్జ ముందు వరసలో ఉంటుంది. సజ్జలు తినే ఇంటి పిల్ల బలపం ఎందుకు కొరికింది?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహారాల కూర్పు మీద ఒక పెద్ద పట్టిక వేసింది. దేశం నలుమూలల నుంచి 528 రకాల తిండి వస్తువులు తెప్పించి, దేంట్లో ఏముందో కొలిచి రాశారు. అందులో నూరు గ్రాముల సజ్జల్లో ఇనుము 6.4 మిల్లీగ్రాములు, జింకు 2.8 దాకా ఉంది. జొన్నల్లో ఇనుము నాలుగుకి కాస్త తక్కువ, జింకు రెండుకి కాస్త తక్కువ. మరపట్టిన తెల్లబియ్యంలో ఇనుము 0.65 మాత్రమే. రాగుల సంగతి వేరు, వాటి గొప్పంతా సున్నంలో ఉంది: నూరు గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం. అంటే పూటకు నూటయాభై గ్రాముల సజ్జపిండి సంగటి తింటే తొమ్మిదిన్నర మిల్లీగ్రాముల ఇనుము, అంతే బియ్యం తింటే ఒకే ఒక్క మిల్లీగ్రాము. పెద్ద ఆడమనిషికి రోజుకు 29 కావాలని లెక్క. కాగితం మీద చూస్తే సజ్జ ఇల్లు ఎంతో నయం.

కాగితం మీద ఉన్నదంతా ఒంటికి పట్టదు. గింజ ఉండేది మన కోసం కాదు, మొలవడానికి. మొలకకు కావలసిన భాస్వరాన్ని ఫైటిక్ ఆమ్లం రూపంలో మూట కట్టి పెట్టుకుంటుంది. ఆ మూట తాళ్లు ఇనుమునీ జింకునీ సున్నాన్నీ కూడా బిగించి పట్టుకుంటాయి. మన పేగుల్లో ఆ తాళ్లు విప్పే సరుకు దాదాపు లేదు. అందుకని సజ్జలోని ఇనుములో ఎక్కువ భాగం వచ్చిన దారినే బయటికి పోతుంది. గింజను నానబెట్టి మొలకెత్తిస్తే, లేదా పిండి పులిస్తే, గింజలోనే ఉన్న ఫైటేజ్ అనే ఎంజైము లేచి మూట విప్పుతుంది. మా అవ్వకు ఈ పేర్లేవీ తెలియవు. సజ్జల మీద నీళ్లు చిలకరించి, కాసేపు మూతపెట్టి, రోట్లో వేసి దంచేది. పొట్టు లేస్తే చాటతో చెరిగి, మళ్లీ దంచి, జల్లెడ పట్టి రవ్వ ఒక పక్క, పిండి ఒక పక్క తీసేది. ఎసట్లో ముందు రవ్వ ఉడికి, తర్వాత పిండి పడి, కట్టెతో గెలికితే ఆ వాసనకు వీధిలో ఆడుకునేవాళ్లం పరుగెత్తుకొచ్చేవాళ్లం. రాత్రి మిగిలిన ముద్ద నీళ్లలో వేసి పెడితే తెల్లారేసరికి పులుపు ఎక్కేది. దాంట్లో మజ్జిగ పోసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి పొలానికి పోయేవాళ్లు. ఆ పులుపులో కొంత మూట విడేది. తెల్లారి మేం బడికి పోయేటప్పటికి మాత్రం అది పొలానికి పోయే మొగవాళ్లకే సరిపోయేది. మా వాటాకు వచ్చింది అప్పుడే గెలికిన వేడిముద్ద, పైన ఒక గ్లాసు టీ. టీలోని ఒగరు ఇనుమును ఇంకా గట్టిగా కట్టేస్తుంది. ఉసిరికాయో నిమ్మకాయో పక్కన ఉంటే విప్పుతుంది. మా ఇంట్లో ఉసిరి కార్తీక మాసంలోనే కనిపించేది.

ఇనుము ఎక్కువ పట్టే సజ్జ రకాలు తయారు చేస్తే ఈ మూటల బెడద దాటవచ్చా అని చూసినవాళ్లున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ చేసిన ధనశక్తి రకంలో కిలోకు 71 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉంటుంది. మహారాష్ట్రలో బడిపిల్లలు 246 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇలాంటి సజ్జ రొట్టెలు, ఇంకో జట్టుకు మామూలు సజ్జ రొట్టెలు రెండు పూటలా పెట్టి చూశారు. ఆరు నెలల్లో ఇనుము లోపం తీరిన పిల్లలు మొదటి జట్టులో బాగా ఎక్కువ. 2015లో ఆ ఫలితం అచ్చయింది. మనకు ఇంకా దగ్గరలో, అనంతపురం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏబీవీ 04 అనే రకం తెచ్చింది. కిలోకు 70 ఇనుము, 63 జింకు. దాదాపు ఎనభయ్యారు రోజుల్లో కోతకు వస్తుంది. హైబ్రిడ్ కాదు కాబట్టి రైతు తన గింజే మళ్లీ విత్తుకోవచ్చు. మా మండలంలో మళ్లీ సజ్జ వేద్దామనుకునే వాళ్లకు నేను ముందు చెప్పే పేరు ఇదే.

అయితే విత్తనం సంచి మీద అచ్చయిన అంకె అన్ని పొలాల్లోనూ ఒకేలా పండదు. గింజలో ఉండేది ఆ నేల ఇచ్చిందే. దీన్ని మా ఊళ్లో రెండు పొలాలు చూపించి చెబుతాను.

ఒకటి మాకు గుట్ట కింద ఉన్న ఎర్రనేల. ఆ ఎరుపంతా ఇనుమే, తుప్పు రూపంలో ఉన్న ఇనుము. నా స్నేహితురాలు తొలకరిలో బుగ్గన పెట్టుకున్న పెళ్ల నిండా ఉన్నదీ అదే. ఒంటికి మాత్రం అది దాదాపు పనికిరాదు. మొక్కకూ అంతే, వేరు పులుపు కార్చి కరిగించుకుంటే తప్ప అందదు. రెండోది వాగు వార పల్లంలో ఉన్న చౌడు. ఎండాకాలం దాని మీద తెల్లగా పొడి పేరుకుంటుంది. నా చిన్నతనంలో ఆ చౌడు గీకి తెచ్చి బట్టలు ఉతికేవాళ్లు. చేతికి జారుగా తగిలేది. క్షారం అంటే ఏమిటో నాకు ముందు చేతికే తెలిసింది. క్షారం ఎక్కువైన నేలలో ఇనుము, జింకు మొక్కకు అందకుండా బిగుసుకుపోతాయి. వరి ఆకుల మీద తుప్పు మచ్చలు, మొక్కజొన్న ఆకుల్లో తెల్లచారలు కనిపిస్తే వ్యవసాయ శాఖవాళ్లు జింకు సల్ఫేటు చల్లమనేది ఇందుకే. ఎకరాకు ఇరవై కిలోలు అని వరి రైతులకు కంఠతా వచ్చు. జింకు చల్లితే పైరు పచ్చబడుతుందని మాత్రమే అందరూ చూస్తారు. జింకు లేని నేలలో పండిన గింజ తిన్న పిల్లకూ జింకు తక్కువవుతుందనే మాట ఎవరూ పైకి అనరు.

ఇదే చౌడులో ఒక లోహం మాత్రం ఎదురు నడుస్తుంది. దాని పేరు మాలిబ్డినం. ఇనుము, జింకు, రాగి క్షారంలో ముడుచుకుంటే ఇది విప్పారి నీళ్లలో కలిసి వేరులోకి పోతుంది. మనిషికీ ఇది కావాలి, చిటికెడులో వెయ్యో వంతు చాలు. ఎక్కువైతే పశువుల్లో రాగిని తరిమేస్తుంది. ఇంగ్లండులో సోమర్సెట్ అనే చోట కొన్ని పచ్చికబీళ్లలో మేసిన ఆవులు పారుకుని చిక్కిపోయేవి. 1938 ప్రాంతంలో వెతికితే ఆ గడ్డిలో మాలిబ్డినం ఎక్కువని తేలింది. రాగి తినిపిస్తే ఆవులు తేరుకున్నాయి.

ఆ ఆవుల కథ నల్లగొండకు వచ్చింది. అక్కడ పిల్లల కాళ్లలో కనిపించింది.

1970ల మొదట్లో నల్లగొండ జిల్లాలో ఎదిగే వయసు పిల్లలకు, ఎక్కువగా మగపిల్లలకు, మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోవడం మొదలైంది. పాదాలు ఎడంగా పోయేవి. ఆ ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని అప్పటికే తెలుసు. కానీ ఫ్లోరైడ్ జబ్బు అంటే ఎముక గట్టిపడటం, నడుము బిగుసుకోవడం. ఇక్కడ కాలి ఎముకలు గుల్లబారుతున్నాయి. పోషకాహార సంస్థ వైద్యులు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి రాశారు. ఆ ఊళ్లలో ప్రధానమైన తిండి జొన్న. అప్పుడు వాళ్ల చూపు నీళ్ల మీది నుంచి గింజ మీదికి మళ్లింది. అదే సంస్థలో వై.జి. దేవస్థలే, గోపాలన్ మనుషులకు మాలిబ్డినం తక్కువున్న జొన్న, ఎక్కువున్న జొన్న తినిపించి మూత్రంలో పోయే రాగిని కొలిచారు. రోజుకు 160 మైక్రోగ్రాముల మాలిబ్డినం లోపలికి పోతే 24 మైక్రోగ్రాముల రాగి బయటికి పోయింది. 540 పోతే 42. 1540 పోతే 77. ఎముకలోని కొల్లాజెన్ పోగుల్ని ఒకదానితో ఒకటి అల్లే ఎంజైముకు రాగి కావాలి. రాగి పోతే ఎముక అల్లిక సడలుతుంది. 1977లో ఇంకో అడుగు వేసి, కాళ్లు వంకరపోతున్న ఊళ్ల నుంచీ పోని ఊళ్ల నుంచీ బియ్యం, జొన్న, సజ్జ తెచ్చి రాగి, మాలిబ్డినం, జింకు కొలిచారు. జబ్బున్న ఊళ్ల గింజల్లో మాలిబ్డినం ఎక్కువ తేలింది. ఆ ఏడాదే లక్ష్మయ్య, శ్రీకాంతియా ఇంకో సంగతి చూపించారు: బియ్యం తిన్నప్పటి కంటే జొన్న తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తోంది.

ఇంకో మాట కూడా కృష్ణమాచారి అన్నారు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలాక చుట్టుపక్కల భూగర్భ జలం పైకి వచ్చింది, దాంతో నేల స్వభావం మారి గింజలోకి పోయే లోహాల పాళ్లు మారి ఉంటాయని. పాలు తాగే ఇంటి పిల్లల కంటే పేదింటి పిల్లల కాళ్లే ఎక్కువ వంకరపోవడం చూస్తే సున్నం కొరతకూ ఇందులో పాత్ర ఉందనిపిస్తుంది. మాలిబ్డినం వాదన పూర్తిగా నిలబడిందని నేను చెప్పను. తర్వాత అమెరికాలో మనుషులకు తక్కువా ఎక్కువా మాలిబ్డినం ఇచ్చి చూసినప్పుడు రాగి అలా తరిగిపోలేదు. కానీ ఆ ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు చౌడు నేలలో జొన్న తిని, బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లు కారు. నల్లగొండ పని నాకు ఇచ్చింది వేరే చూపు. గింజను ఒక్కదాన్నే పళ్లెంలో పెట్టి మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు రాదు. అది పండిన మట్టినీ, దాన్ని ఉడికించిన నీళ్లనీ పక్కన పెట్టుకుని అడగాలి.

నీళ్ల సంగతికి వస్తే మా వైపు కథ నల్లగొండ కంటే పాతది. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాసిన వ్యాసం దేశంలోనే మనుషుల్లో ఈ జబ్బును మొదట నిర్ధారించిన రాతల్లో ఒకటి. ఆ నెల్లూరు జిల్లా అంటే ఇప్పటి నెల్లూరు కాదు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు కిందే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. అంటే మా పక్క ఊళ్లే. వాళ్లకంటే ముందే ఈ జబ్బును కనిపెట్టింది రైతులు. ఎద్దులు కీళ్లు బిగిసి లేవలేకపోవడం చూసి నీళ్లలో ఏదో ఉందనుకున్నారు. 1940లో పండిట్, ఆయనతో పనిచేసినవాళ్లు ఇంకో ముఖ్యమైన మాట చెప్పారు. నీళ్లు ఒకటే అయినా, తిండి సరిగా లేని ఊళ్లలో ఎముకల జబ్బు ముదురుతోందని. నల్లగొండకు ముప్పయ్యేళ్ల ముందే గింజకూ నీళ్లకూ ఉన్న ముడికి ఇక్కడ కొస దొరికింది.

మా అవ్వ చివరి పదేళ్లూ నేల చూస్తూ నడిచింది. మెడ తిప్పలేక, పిలిస్తే ఒళ్లంతా తిప్పేది. పళ్ల మీద గోధుమరంగు చారలు మా ఇంట్లో మూడు తరాలకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. ఇక్కడి గ్రానైటు రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. నీళ్లు ఆ రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచి, సోడా క్షారం పట్టి, సున్నం పోగొట్టుకుని, ఫ్లోరైడ్ కరిగించుకుంటాయి. ఫ్లోరైడ్ హీనంగా ఉండే నీళ్లు సున్నం నీళ్లు. అది దండిగా ఉండేవి చౌడును పెంచే నీళ్లు. అంటే ఒకే బోరు పైన పొలాన్ని క్షారం చేస్తూ గింజలో జింకు తగ్గిస్తుంది, ఇంట్లో బిందెలోకి ఫ్లోరైడ్ పంపిస్తుంది. ఆ రెండూ ఒకే పళ్లెంలో కలుస్తాయి.

మా టీచర్ల గ్రూపులో వారానికొకటి వస్తుంది, బియ్యంలో ఆర్సెనిక్, పిండిలో సీసం అని. భయపడి అడిగినవాళ్లకు నాకు తెలిసింది చెబుతాను. భార లోహం అన్న మాటలోనే గందరగోళం ఉంది. బరువును బట్టి చూస్తే ఇనుము, జింకు, రాగి కూడా బరువైనవే. ఒంటికి కొంచెం కావలసినవి కొన్ని, ఏ కొంచెమూ అక్కర్లేనివి కొన్ని: కాడ్మియం, సీసం, పాదరసం, ఆర్సెనిక్. చిక్కెక్కడంటే మొక్కకు ఈ రెండు జాతులకూ వేరువేరు తలుపులు లేవు. జింకు కోసం, ఇనుము కోసం తెరిచిన తలుపులోంచే కాడ్మియం దూరుతుంది. నేలలో జింకు కరువైతే ఆ తలుపు ఇంకా బార్లా తెరుచుకుంటుంది. జపాన్‌లో జింజూ నది ఒడ్డున కామియోకా గని నీళ్లు పారిన పొలాల బియ్యం తిని, ఎముకలు విరిగి ఆడవాళ్లు అరిచిన అరుపే ఆ జబ్బుకు పేరయింది, ఇతాయి ఇతాయి. నొప్పి నొప్పి అని అర్థం. అది కాడ్మియం వల్లనేనని 1968లో ఆ ప్రభుత్వం ఒప్పుకుంది. బియ్యంలో కాడ్మియం కిలోకు 0.4 మిల్లీగ్రాములు దాటకూడదని ఇప్పుడు అంతర్జాతీయ కోడెక్స్ హద్దు.

ఆర్సెనిక్ దారి వేరు. వరి మడిలో నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే మట్టిలోని ఆర్సెనిక్ కరిగి, మొక్క ఇసుక సారాన్ని పీల్చుకునే దారిలో గింజకు ఎక్కుతుంది. బెంగాల్లో బోరునీళ్లతో పండే వరికి అదే గండం. సజ్జ, జొన్న, కొర్ర నీళ్లు నిలవని నేలలో పండుతాయి కాబట్టి ఆ భయం వీటికి చాలా తక్కువ. మెట్టపైరుకు ఉన్న ఈ మేలు గురించి ఎవరూ చెప్పరు, అందుకని నేను పిల్లలకు గట్టిగా చెబుతాను. ఆర్సెనిక్ ఉన్నచోట ఎక్కువ నీళ్లలో వండి గంజి వారిస్తే కొంత పోతుంది. ఫోర్టిఫై చేసిన రేషన్ బియ్యానికి ఆ పని చేస్తే మాత్రం నష్టం, ఎందుకంటే అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపిన గింజలు నూటికి ఒకటి చొప్పున ఉంటాయి. తేలిక గింజలు కనిపించి ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసినవి అవే. మా వీధిలో ఏరి కోళ్లకు వేసిన ఇల్లు ఉంది. నేను పోయి చెప్పొచ్చాను.

మాకు దగ్గరలో లోహం పేరు వినిపించే చోటు వినుకొండ పక్కన అగ్నిగుండాల, బండ్లమోటు. అక్కడ హిందుస్థాన్ జింక్ సీసం గని నడిపింది. తెలంగాణలో పటాన్‌చెరు పరిశ్రమల నీళ్లు నక్కవాగులో కలిసి పొలాలకు పారిన కథ పేపర్లలో ఏళ్లపాటు వచ్చింది. మా మండలంలో అలాంటి గని లేదు, అలాంటి ఫ్యాక్టరీ లేదు. ఇక్కడ చూడవలసినవి చిన్నవి. భాస్వరం ఎరువు చేసే రాతిలోనే కాస్త కాడ్మియం ఉంటుంది, చల్లిన కొద్దీ నేలలో పేరుకుంటుంది. రోడ్డు మీద గింజలు ఆరబోసి బండ్ల చేత తొక్కించి నూర్చడం మాకు అలవాటు, అక్కడి దుమ్ము గింజకు అంటుతుంది. టార్పాలిన్ పట్టా వేసుకోండని అందుకే అంటాను.

ఇక ఎసరు.

మా అమ్మ ఇప్పటికీ ఊళ్లోనే ఉంటుంది. తాగే నీళ్లకు క్యాను కొంటుంది, ఏళ్లుగా. ఫ్లోరైడ్ గురించి ఆమెకు నా కంటే ఎక్కువ తెలుసు, అత్త నడుము చూసిన మనిషి. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు సంగటి కోసం ఎసరు పెడుతూ బోరు బిందెలోంచి ముంచింది.

"అమా, అయ్యెందుకు పోస్తన్నావు?"

"కాగుతయి కదమ్మాయ్. కాగినాక ఇంకేముంటది? డబ్బులిచ్చి కొన్న నీళ్లు ఎసట్లో పోస్తారా ఎవరన్నా?"

కాగితే పురుగు చస్తుంది, ఫ్లోరైడ్ చావదు. ఆవిరి పైకి పోయి నీళ్లు తగ్గిన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. సంగటికి పిండి ఒక పాలు అయితే నీళ్లు మూడు పాళ్లు. అదంతా ముద్దలోనే ఉండిపోతుంది, అన్నంలాగా వార్చేది లేదు. పప్పులో నీళ్లు, పులుసులో నీళ్లు. ఒక మనిషి వాటాకు రోజుకు లీటరు వంట నీళ్లనుకుందాం, ఆ నీళ్లలో లీటరుకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. తాగే నీళ్లకు హద్దు ఒకటిన్నర. క్యాను కొనుక్కుని తాగుతూ కూడా మూడు మిల్లీగ్రాములు ముద్ద రూపంలో మింగినట్టే. బడి నుంచి తెచ్చిన పరీక్ష కిట్టులోని గులాబీరంగు మందు చుక్కలు అమ్మ ముందే రెండు గ్లాసుల్లో వేశాను. క్యాను నీళ్లలో గులాబీ అలాగే ఉంది. బోరు నీళ్లలో పసుపుకు తిరిగింది. అమ్మ చాలాసేపు ఆ గ్లాసు పట్టుకుని వెలుతురులో చూసింది. తర్వాత ఎసరు పారబోసి, క్యాను వంచి మళ్లీ పెట్టింది. నేనేం మాట్లాడలేదు.

మన వంటలో దీనికి ఎదురు నిలిచేది కూడా ఉంది. పోషకాహార సంస్థలోనే ఖాందారే, ఆయన సహచరులు మగపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ బయటికి పోయింది. 2002లో అచ్చయింది. చింతపులుసు తింటే చాలు, ఏ నీళ్లయినా పరవాలేదు అని దీనికి అర్థం కాదు. కానీ సంగటి పక్కన పులుసు పోసుకున్న పెద్దవాళ్ల నాలుక తప్పు దారి పట్టలేదని మాత్రం తెలుస్తుంది. పక్కన కాసిని మజ్జిగ, రాగి అంబలి ఉంటే సున్నం పేగులోనే ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మా పళ్లెం మారిపోయింది. పొలంలో సజ్జ పోయి కంది, పొగాకు మిగిలాయి. ఇప్పుడు షుగరు వచ్చినవాళ్లు పట్నం దుకాణంలో సజ్జ కొంటున్నారు, ఎక్కడ పండిందో తెలియకుండా. పొట్లం వెనక అచ్చయిన ఇనుము అంకె తార్నాక పట్టికలోది. ఆ సంచిలో గింజది కాదు. మన నేల గింజ అంకె మనకు కావాలంటే మన గింజే కొలవాలి.

అది చేయడానికి ఇప్పటికంటే మంచి సమయం రాదని నేను అనుకుంటున్నాను. శ్రీశైలం నుంచి నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వి కృష్ణ నీళ్లు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు కోసం మా పడమటి మండలాలు ఎంతకాలంగానో ఎదురుచూస్తున్నాయి. ఆ నీళ్లు రావాలి, ఎంత తొందరగా వస్తే అంత మంచిది. తాగడానికి నది నీళ్లు వస్తే అవ్వ నడుము ఇంకెవరికీ రాదు. కానీ పొలాలకు పారేముందు ఊరికి నాలుగు చేలల్లోంచి సజ్జ, జొన్న, వరి గింజలు, వాటి కింద మట్టి, పక్క బోరు నీళ్లు తీసి దాచిపెట్టి, ఇనుము, జింకు, రాగి, మాలిబ్డినం, కాడ్మియం, ఫ్లోరైడ్ కొలిపించాలి. నీళ్లు వచ్చిన ఐదేళ్లకు మళ్లీ కొలవాలి. నల్లగొండలో కాలువ వచ్చాక, కాళ్లు వంగాక వెతికారు. అంతకు ముందు గింజ ఎలా ఉందో చెప్పే సీసా ఒక్కటీ వాళ్ల చేతిలో లేదు. మా బడి ల్యాబులో నేను పదకొండు సీసాలు పెట్టాను. మూతల మీద ఊరి పేరు, చేను రకం, తేదీ రాయించాను. రాసింది పిల్లలే.

ఆ రాసిన పిల్లల్లో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. పోయిన నెల పాఠం చెబుతూ చూస్తే పెదవుల అంచున తెల్లగా ఉంది. సుద్దముక్క. చెయ్యి వెనక దాచుకుంది. నాకు వీపు మీద ఇవ్వాలనిపించలేదు. ఇంటర్వెల్లో పక్కకు పిలిచి కనురెప్ప కిందికి లాగి చూశాను, పాలిపోయి ఉంది. రక్తపరీక్ష కోసం ఏఎన్ఎమ్ వచ్చే రోజు రాసుకుని, పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగాను.

"సంగటి మేడమ్. నాయన మళ్లీ సజ్జలేశాడు."

"ఏ నీళ్లు మీ ఇంట్లో?"

ఆ పిల్ల నోరు తుడుచుకుని నా మొహంలోకి చూసింది.

"తాగే నీళ్లా మేడమ్, ఎసటి నీళ్లా?"